సమరయుడు వెళ్లిపోయాక

తెలుగు బైబిల్లో ‘పొరుగువాడు’ అనే మాట ఉంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్ని కనక సండే స్కూలు రోజుల నుంచీ ఆ మాట వింటూనే పెరిగాను. ఆ మాటలోని ‘వాడు’ మాత్రం స్త్రీవాద సాహిత్యం చదవడం మొదలుపెట్టాకే నా చెవికి గట్టిగా తగిలింది. మన రోజువారీ మాటల్లో పొరుగువాడు ఒంటరిగా తిరగడు. ఇరుగుపొరుగు అంటాం. ఇరుగమ్మ, పొరుగమ్మ అంటాం. చేబదులు పంచదార, గిన్నెడు కూర, పసిపిల్లను కాసేపు చూస్తూ ఉండమనడం, మొగుడు కొట్టిన రాత్రి పక్కింటి తలుపు తట్టడం... ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ల మధ్య నడిచే వ్యవహారాలు. ఇందులో ఎప్పటికీ ఇచ్చేవాళ్లు, ఎప్పటికీ తీసుకునేవాళ్లు అంటూ వేరే ఉండరు. వెళ్లిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదన్నది ఎవరూ రాయని నియమం. తగాదాలు కూడా ఉంటాయి. తగాదా పడే హక్కు ఉన్నచోటే ఇరుగుపొరుగు అనే మాటకి అర్థం ఉంటుంది.

మూడో మాట ఒకటుంది, ‘లబ్ధిదారు’. స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికల్లో కనిపించే మాట ఇది. లబ్ధిదారుకి ఫోటో ఉంటుంది, వరుస సంఖ్య ఉంటుంది, మాట ఉండదు. ఒకవేళ ఉన్నా కృతజ్ఞతలు చెప్పడానికే ఉంటుంది. క్రైస్తవ సేవాసంస్థలు పొరుగువాడి పేరుతో మొదలై లబ్ధిదారు దగ్గర ఎందుకు తేలుతున్నాయి? మధ్యలో ఇరుగమ్మ ఎక్కడ తప్పిపోయింది? ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఇదే. ఆ ప్రశ్నకి సమాధానం వెతకడానికి ముందుగా ఆ ప్రేమకి మూలమని అందరూ చెప్పే కథనే విమర్శకురాలి కళ్లతో మళ్లీ చదవాలి.

లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథ అందరికీ తెలిసిందే. ధర్మశాస్త్రం తెలిసిన ఒకాయన యేసుని నా పొరుగువాడెవడని అడుగుతాడు. జవాబుగా యేసు కథ చెబుతాడు. దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి తప్పుకుపోతాడు, లేవీయుడూ తప్పుకుపోతాడు. యూదులు అంటరానివాడిలా చూసే సమరయుడు ఆగుతాడు. కథ చివర ప్రశ్న తిరగబడుతుంది. పొరుగువాడెవడన్నది పక్కకి పోయి, పొరుగువాడుగా ఎవరు మారారన్నది ముందుకొస్తుంది. పొరుగుతనం చిరునామాతో వచ్చేది కాదు, చేతతో వచ్చేదన్న ఈ మలుపు చాలా గొప్పది. సాయం పొందేవాడు నా కులమా, నా మతమా అన్న లెక్కని అది కొట్టిపారేస్తుంది. సాయం చేసిన చెయ్యే వెలివేయబడినవాడిదని చెప్పడం అంతకన్నా గట్టి దెబ్బ. తెలుగునేల మీద మాల మాదిగ పేటల్లో నిలదొక్కుకున్న చర్చికి ఈ కథ ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

అయినా ఈ కథలో దారి పొడుగునా మగవాళ్లే. కొట్టినవాళ్లు, పడినవాడు, తప్పుకున్నవాళ్లు, ఆగినవాడు, అందరూ మగవాళ్లే. ఒంటరిగా ఆ దారిన వెళ్లే వీలు ఆడవాళ్లకి లేదు కనక అది సహజమే అనుకోవచ్చు. నన్ను ఆపేది దారి కాదు, దారి చివరి ఇల్లు. సమరయుడు గాయపడినవాణ్ని ఒక సత్రానికి తీసుకుపోయి ఆ రాత్రి తనే చూసుకుంటాడు. మర్నాడు రెండు దేనారాలు చేతిలో పెట్టి, ఇతన్ని కనిపెట్టుకుని ఉండమని, అంతకు మించి ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు తీరుస్తానని చెప్పి వెళ్లిపోతాడు. ఆ డబ్బు తీసుకున్న మనిషిని తెలుగు బైబిలు ‘పూటకూళ్లవాడు’ అంటుంది. అనువాదకులు ఎంచుకున్న ఈ మాట నాకు చాలా ఇష్టం. మన సాహిత్యం చదివిన ఎవరికైనా ఆ మాట వినగానే కన్యాశుల్కంలోని పూటకూళ్లమ్మ గుర్తొస్తుంది. డబ్బు తీసుకుని అన్నం వండిపెట్టి బతికే వితంతువు. సంఘం ఆమె చేతివంట తింటూనే ఆమెని వేళాకోళం చేస్తుంది.

సమరయుడు వెళ్లిపోయాక ఏం జరిగి ఉంటుంది? గాయాలకి కట్టు ఎవరు మార్చి ఉంటారు? జ్వరం వస్తే రాత్రంతా ఎవరు మేలుకుని ఉంటారు? మలమూత్రాలు ఎవరు ఎత్తి ఉంటారు? పూటకూళ్లవాడి ఇంట్లో భార్యో, కూతురో, పనిమనిషో ఉండే ఉంటుంది. కథ ఆమె గురించి ఒక్క ముక్క చెప్పదు. దాతకి విశేషణం దొరికింది, ‘మంచి’ అని. పని చేసిన ఇంటికి పేరు కూడా దొరకలేదు. ప్రసంగాలన్నీ దారి మీదే ఆగిపోతాయి, పూటకూళ్ల ఇంటి గడప దాటవు. సేవారంగంలో పొరుగుప్రేమ నిజమో కాదో తేలేది ఆ గడప లోపలేనని నా వాదన.

ఈ వాదన గాలిలోంచి పుట్టలేదు. మలక్‌పేట నుంచి మాట్లాడుతున్నాను. మూసీకి దక్షిణాన పాతబస్తీ తూర్పు అంచున ఉన్న పేట ఇది. ఒక పక్క గుర్రప్పందేల మైదానం, ఇంకో పక్క మార్కెట్ యార్డు, పెద్దా చిన్నా ఆసుపత్రులు, మసీదులు, గుళ్లు, చర్చిలు, నది వెంట బస్తీలు. దగ్గర్లోనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం కొలువులో పనిచేసిన ఆ క్రైస్తవుణ్ని ఇక్కడి ముస్లింలు మూసా రహీమ్ అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారని చెబుతారు. మూసారాంబాగ్ అన్న పేరు అలా వచ్చిందే. సేనానుల మీద నాకు మోజేమీ లేదు. కానీ పరాయివాడికి చుట్టుపక్కలవాళ్లు తమ తమ భాషల్లో పేర్లు పెట్టుకుని కలుపుకోవడం ఇక్కడి అలవాటని గుర్తుచేసుకోవడం అవసరం. పొరుగుతనాన్ని ఇక్కడికి ఎవరూ కొత్తగా మోసుకురానక్కర లేదు.

ఇక్కడ సేవాసంస్థలు కూడా తక్కువేం లేవు. మా గల్లీకి రెండు గల్లీల అవతల ఉండే ఒకావిడ పదకొండేళ్లుగా ఒక సంస్థలో క్షేత్రస్థాయి కార్యకర్త. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఆమె గర్భిణుల్ని ఆసుపత్రికి తీసుకుపోతుంది, బడి మానేసిన పిల్లల ఇళ్లకు తిరుగుతుంది, దెబ్బలు తిన్న ఆడవాళ్లని పోలీసు స్టేషనుకి తీసుకుపోయి కూచుంటుంది. ఆమెకొచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. ప్రతి ఉదయం ప్రార్థనతోనే పని మొదలవుతుందని చెబుతూ ఆమె అన్న మాట నేను మర్చిపోలేను. “ప్రేమ గురించి మస్తు చెప్తరక్కా, పీఎఫ్ అంటే మాత్రం ఎవ్వరూ మాట్లాడరు. పైసలు అడిగితే నీకు సేవాభావం తగ్గిందంటరు.” పొరుగుప్రేమ మీద నేను చదివిన విమర్శల్లో ఇంత సూటిగా ఉన్నవి తక్కువ.

ఆమె చెప్పిన దాంట్లో రెండు సంగతులున్నాయి. ఒకటి, ప్రేమ అనే మాట వేతనానికి బదులుగా వాడబడుతోంది. ఇంట్లో ఆడదాని చాకిరీకి ప్రేమ అని పేరు పెట్టి కూలి ఎగ్గొట్టిన పితృస్వామ్యమే సంస్థలో ఆ చాకిరీకి సేవ అని పేరు పెట్టింది. రెండు, త్యాగం చెయ్యమన్న బోధ అందరికీ ఒకే బరువుతో పడదు. అమెరికన్ దైవశాస్త్రవేత్త వాలెరీ సేవింగ్ 1960లోనే ఒక వ్యాసంలో ఈ విషయం ఎత్తిచూపింది. మగ దైవశాస్త్రవేత్తలు పాపమంటే అహంకారమనీ, విముక్తి అంటే తన్ను తాను తగ్గించుకోవడమనీ చెబుతూ వచ్చారు, కానీ తనంటూ ఏమీ మిగుల్చుకోకుండా పెరిగిన ఆడవాళ్లకి ఆ మందు రోగాన్ని ఇంకా పెంచుతుందని ఆమె వాదన. తన్ను తాను ప్రేమించుకున్నట్టు పొరుగును ప్రేమించమన్న ఆజ్ఞలో మొదటి సగం ఆడవాళ్లకి ఎవరూ నేర్పలేదు. రెండో సగాన్ని మాత్రం కాగితం మీద ఉద్యోగ బాధ్యతల పట్టికగా రాసిచ్చారు.

లోపం మొత్తం సంస్థల మీదే నెట్టడం న్యాయం కాదు. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఒక సంస్థకి వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకుండా ఆపింది. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందుకునే చిన్న చిన్న మహిళా బృందాలకి దాంతో దారి మూసుకుపోయింది. దాతలు కూడా కుట్టు మిషన్లకి డబ్బిస్తారు గానీ కుట్టు నేర్పే మనిషి పెన్షన్‌కి ఇవ్వరు. ఈ సందర్భంలో సమరయుడు దాతగా నాకు నచ్చుతాడు. ఎక్కువైతే ఎంతైనా తీరుస్తానన్నాడు. ఖర్చులో ఇంత శాతమే చూసుకునేవాళ్లకి పోవాలని నియమం పెట్టలేదు. పూటకూళ్ల ఇంటి లెక్కని నమ్మాడు.

మళ్లీ లూకా దగ్గరికి వస్తాను. సమరయుడి కథ ముగియగానే ఆ అధ్యాయంలోనే ఇంకో కథ ఉంది. దాన్ని దీనితో కలిపి చదవడం మన ప్రసంగాల్లో అరుదు. మార్త అనే స్త్రీ యేసుని తన ఇంటికి పిలుస్తుంది. వచ్చినవాళ్లకి వండి వడ్డించే పనుల్లో ఆమె సతమతమవుతుంటే, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూచుని బోధ వింటూ ఉంటుంది. చెల్లెల్ని సాయానికి పంపమని మార్త అడిగితే ఆయన మరియనే సమర్థిస్తాడు. ఆడపిల్ల వంటింట్లోంచి లేచొచ్చి చదువుకోవడాన్ని సమర్థించిన కథగా దీన్ని చాలామంది స్త్రీలు ఆదరించారు. ఆ ఆదరణలో న్యాయం ఉంది. కానీ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టండి. మగవాడు సేవ చేస్తే అది ఆదర్శమైంది. ఆడది సేవ చేసి, ఆ సేవలో పాలు పంచుకొమ్మని అడిగితే అది చీకాకు అయింది. స్త్రీవాద బైబిలు విమర్శకురాలు ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా ఈ కథని ఇద్దరు ఆడవాళ్ల స్వభావాల పోలికగా చదవొద్దంటుంది. తొలినాటి సంఘంలో స్త్రీల నాయకత్వాన్ని ఎక్కడ ఉంచాలన్న పేచీ ఈ కథ వెనక ఉందని, అక్కచెల్లెళ్లని ఒకరి మీదికి ఒకర్ని నిలబెట్టే కథనాన్నే ప్రశ్నించాలని ఆమె వాదించింది.

మన సేవాసంస్థల్లో ఇప్పటికీ మార్తలూ మరియలూ ఉన్నారు. సదస్సులకి వెళ్లేవాళ్లు, నివేదికలు రాసేవాళ్లు ఒక వరస. బస్తీల్లో తిరిగేవాళ్లు, టీలు పెట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు ఇంకో వరస. ఇద్దరూ ఆడవాళ్లే కావచ్చు. వాళ్లని విడదీసేది స్వభావం కాదు. ఇంగ్లీషు చదువు, కులం, డబ్బు. వంటకి నలుగురూ లేచి, ఆ తర్వాత నలుగురూ కూచుని వినే ఏర్పాటు చెయ్యొచ్చని ఆ కథలో ఎవరికీ తట్టలేదు. సంఘీభావం అనే మాటకి నేను చెప్పుకునే మొదటి అర్థం అది.

ఇక గాయపడిన మనిషి సంగతి. సమరయుడి కథలో అతను మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాటా మాట్లాడడు. ఎత్తితే లేచాడు, పడుకోబెడితే పడుకున్నాడు. సేవాసంస్థలకి ఇలాంటి లబ్ధిదారు చాలా సుఖం. కానీ సువార్తల్లోనే మాట్లాడే స్త్రీ ఒకామె ఉంది. మార్కు ఏడో అధ్యాయంలో సురోఫెనికయ స్త్రీ, మత్తయి పదిహేనులో కనాను స్త్రీ. పరజాతి మనిషి. కూతురికి బాగుచెయ్యమని అడిగితే, పిల్లల రొట్టె కుక్కపిల్లలకి వెయ్యకూడదన్న కఠినమైన పోలిక ఎదురవుతుంది. ఆమె ఏడ్చి వెళ్లిపోదు. ఆ పోలికనే పట్టుకుని, బల్ల కింద రాలే ముక్కల మాటేమిటని వాదిస్తుంది. చివరికి ఆమె వాదనే గెలుస్తుంది, బిడ్డకి స్వస్థత దొరుకుతుంది. సాయం అడిగిన స్త్రీ వాదించి, సాయం చేసే చేతి హద్దుల్ని జరిపిన కథ ఇది. సేవాసంస్థల గోడల మీద సమరయుడి బొమ్మతోపాటు ఈమె బొమ్మ కూడా ఉండాలి.

మన చరిత్రలోనూ ఇలా వాదించిన స్త్రీ ఉంది. పండిత రమాబాయి 1883లో ఇంగ్లండులో క్రైస్తవం తీసుకుంది. తనకి ఆశ్రయమిచ్చిన ఆంగ్లికన్ సన్యాసినులతో విశ్వాసం గురించీ, అధికారం గురించీ ఉత్తరాల్లో గట్టిగా తలపడింది. మతం తీసుకున్నంత మాత్రాన నా ఆలోచనని మీకు అప్పగించలేదన్నది ఆమె నిలబడ్డ చోటు. 1889లో బొంబాయిలో శారదాసదన్ తెరిచినప్పుడు అదే స్వతంత్రత ఆమెని నడిపించింది. మన వైపు గుంటూరులో 1883లోనే అడుగుపెట్టిన అమెరికన్ లూథరన్ డాక్టర్ ఆనా సారా కుగ్లర్, మగ డాక్టరు ముట్టడానికి వీల్లేని ఆడవాళ్లకి వైద్యం చేస్తూ 1898లో ఆసుపత్రి తెరిచింది. ఆ వైద్యం ఎన్ని ప్రాణాలు నిలిపిందో కాదనలేం. అయితే మిషన్ల చరిత్రల్లో డాక్టరమ్మలకీ దొరసానులకీ పేర్లున్నాయి. ఇంటింటికీ నడిచి తిరిగిన తెలుగు ‘బైబిలు స్త్రీలు’, తక్కువ జీతానికి ఆ పరదాల వెనక్కి దారి వేసినవాళ్లు, చాలామటుకు పేర్లు లేకుండానే మిగిలారు. మళ్లీ పూటకూళ్ల ఇల్లే.

ఇక్కడ వచ్చే ప్రశ్నని దాటవెయ్యను. ఈ ప్రేమంతా మతం మార్చడానికి ఎరేనా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నని ద్వేషంతో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కనక నిజాయితీగా అడిగే వీల్లేకుండా పోయింది. మతం మార్చుకోవడం మనిషి హక్కు. దళితులు ఆ హక్కుని ఆత్మగౌరవం కోసం వాడుకున్నారు, వాళ్లనడిగి ఎవరూ రొట్టెముక్కకి అమ్ముడుపోయారనడానికి లేదు. కానీ ఆకలినీ రోగాన్నీ అడ్డం పెట్టుకుని ఎవరి మనసునైనా వంచడం ప్రేమ కాదు, అది బేరం. ఈ రెండిటి మధ్య తేడాని ఒక క్రైస్తవ సంస్థ తన చరిత్రలోనే వెతుక్కున్న ఉదాహరణ మన ఊళ్లో ఉంది. అందుకే దాన్ని కాస్త వివరంగా చూడాలి.

హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోర్‌లో మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కొత్త నిబంధనని ఉర్దూలోకి, పారశీకంలోకి అనువదించిన ఆంగ్లికన్ పాస్టరు పేరు దానికి పెట్టారు. ముస్లింల మధ్య సువార్త చెప్పేవాళ్లకి ఇస్లాం గురించి శిక్షణ ఇవ్వడం అప్పటి లక్ష్యం. అనేక ఊళ్లు మారి 1971లో హైదరాబాదు చేరింది. ఈలోగా ముస్లింల గురించి చదవడం ముస్లింలతో మాట్లాడడంగా మెల్లగా మారుతూ వచ్చింది. 1990 డిసెంబరులో పాతబస్తీ భగ్గుమంది. వందమందికి పైగా చనిపోయారు. రోజుల తరబడి కర్ఫ్యూ. మత సంభాషణ గురించి గదుల్లో కూచుని మాట్లాడే సంస్థకి అది పెద్ద కుదుపు. సహాయ సామగ్రి పట్టుకుని వీధుల్లోకి వెళ్లినవాళ్లకి, పంచిపెట్టి వచ్చేస్తే సరిపోదని అర్థమైంది. ఆ తర్వాతే హిందువులూ ముస్లింలూ పక్కపక్కనే ఉండే సుల్తాన్‌షాహీలో అమన్ శాంతి ఫోరం పేరుతో చదువు, కుట్టు శిక్షణ, వైద్యం వంటి పనులు మొదలయ్యాయి. సంస్థ తన లక్ష్యంగా పరిశోధననీ, మతాల మధ్య సంబంధాల్నీ, సయోధ్యనీ చెప్పుకుంది. ఈ ప్రయాణాన్ని అక్కడే పనిచేసిన డయాన్ డిసౌజా 1998లో పుస్తకంగా రాసింది. సువార్త ప్రచారం, సంభాషణ, సయోధ్య అన్న మూడు మెట్లు ఆ పుస్తకం పేరులోనే ఉన్నాయి.

ఈ ఉదాహరణ నాకెందుకు ముఖ్యమంటే, ఇందులో మారింది ముందుగా ఇచ్చేవాళ్లు. ముస్లింలని మార్చడానికి పుట్టిన సంస్థ ముస్లింల పక్కన నిలబడి తనే మారింది. పొరుగుప్రేమకి ఇంతకన్నా గట్టి రుజువు నాకు తెలీదు. డయాన్ డిసౌజా తర్వాతి పని కూడా దీన్నే చెబుతుంది. 2014లో వచ్చిన ‘పార్ట్‌నర్స్ ఆఫ్ జైనబ్’ అన్న పుస్తకంలో ఆమె హైదరాబాదు షియా స్త్రీల భక్తిజీవితాన్ని రాసింది. ముస్లిం స్త్రీ అంటే పరదా వెనక నోరులేని మనిషి అన్న బొమ్మని పక్కన పెట్టి, స్త్రీలు స్త్రీల కోసం నడుపుకునే మజ్లిస్‌లలో కూచుని విన్నది. అక్కడ మాట్లాడేవాళ్లు, నడిపేవాళ్లు, ఏడిపించి ఆలోచింపజేసేవాళ్లు ఆడవాళ్లే. లబ్ధిదారుల పట్టికలో ఎప్పటికీ కనిపించని నాయకత్వం అది. పట్టికలోకి ఎక్కించడానికి వెళ్లిన మనిషికి కాదు, వినడానికి వెళ్లిన మనిషికి కనిపించింది.

దీన్ని మెచ్చుకుంటూనే ఒక పేచీ పెట్టుకుంటాను. పాతబస్తీలో ఏ సంస్థ వచ్చినా ఆడవాళ్లకి ముందు కుట్టు మిషనే ఎందుకు? కుట్టుపని ఇంటి నాలుగు గోడల మధ్య చేసే పని, ముక్కకింత కూలి, బేరమాడే బలం తక్కువ. భర్తలూ అత్తలూ అభ్యంతరం చెప్పరు కనక సంస్థలకీ సులువు. అయితే కుట్టు నేర్చుకోవడమనే సాకుతో రోజూ రెండు గంటలు ఇల్లు కదిలే వీలు దొరుకుతుంది. రెండు మతాల ఆడపిల్లలు ఒకే గదిలో కూచుంటారు, దారం తెగితే పక్కమ్మాయిని అడుగుతారు. అల్లర్లు చీల్చిన వీధిలో ఆ అడగడం చిన్న విషయం కాదు. ఇరుగుపొరుగు తిరిగి మొదలయ్యేది అక్కడే. కనక కుట్టు మిషను కన్నా ఆ గదిని ఎక్కువ విలువైనదిగా లెక్కకట్టే నివేదికలు మనకి కావాలి.

అదే సుల్తాన్‌షాహీలో ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 2002లో షాహీన్ అనే సంస్థ పెట్టింది. అది క్రైస్తవ సంస్థ కాదు, పొరుగుప్రేమ అన్న మాట వాళ్ల పరిభాషలో లేదు. ఇంట్లో హింసకి, పసిపిల్లల పెళ్లిళ్లకి, గల్ఫ్ షేకులకి అమ్మాయిల్ని కట్టబెట్టే ఒప్పందాలకి వ్యతిరేకంగా బస్తీ ఆడవాళ్లతో కలిసి పనిచేస్తుంది. జాలికి హింస చేసేవాడితో పేచీ అక్కర్లేదు, కట్టు కట్టి పంపేస్తే చాలు. సంఘీభావానికి ఆ పేచీ తప్పదు. సమరయుడి కథలో దొంగల్ని ఎవరూ పట్టించుకోరు. రేపు ఆ దారిన ఇంకొకడు దెబ్బలు తింటాడు, ఇంకో సమరయుడు కావాలి. ఆ దారిని బాగుచెయ్యాలంటే ప్రేమ రాజకీయం కాక తప్పదు.

క్రైస్తవ సన్యాసినులే ఆ అడుగు వేసిన సందర్భం ఉంది. బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్ జాన్ డెవోస్ 1985లో ఇంటిపనివారి జాతీయ ఉద్యమాన్ని మొదలుపెట్టింది. అది మన రాష్ట్రంలోనూ వేళ్లూనింది. పనిమనుషులకి పాత చీరలూ మిగిలిన కూరలూ ఇవ్వడం మన మధ్యతరగతి ఇళ్లకి తెలిసిన పొరుగుప్రేమ. ఆ ఉద్యమం మాత్రం వాళ్లు పనిమనుషులు కారు, కార్మికులు అన్నది. కనీస వేతనం, వారానికో సెలవు, సామాజిక భద్రత అడగడం నేర్పింది. ఇంటిపనివారి సంఘాలు చాలాకాలం అడిగాక 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనికి కనీస వేతనాలు ప్రకటించింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 189వ ఒప్పందం తెచ్చింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిపనివారినీ తన పరిధిలోకి తీసుకుంది. ఇవన్నీ కాగితం మీది గెలుపులే కావచ్చు. కానీ పాత చీర ఇచ్చినవాళ్లని ఎవరూ నిలదియ్యలేరు, వేతనం ఎగ్గొట్టినవాళ్లని నిలదియ్యొచ్చు. ప్రేమని హక్కుగా మార్చడమంటే ఇదే.

మలక్‌పేట ఇళ్లలో పాచిపనికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది మూసీ ఒడ్డు బస్తీల వాళ్లు. 2020 అక్టోబరులో మూసారాంబాగ్ వంతెనని వరద ముంచెత్తినప్పుడు సేవాసంస్థలు, చర్చిలు, మసీదులు, గుళ్లు పోటీపడి బియ్యం పంచాయి. ఆ పంచడం అవసరం. 2024లో మూసీ ప్రక్షాళన పేరుతో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పడ్డాయి. కొన్ని కుటుంబాలని మలక్‌పేట దగ్గరి డబుల్ బెడ్‌రూం ఇళ్లకి తరలించారు, ఖాళీ అయిన ఇళ్లని కూల్చారు. ఇల్లు దొరికినవాళ్లకి పక్కా గోడలు దొరికాయి. కానీ పిల్లని చూసే ఇరుగమ్మ, పనికి పిలిచే పొరుగమ్మ, చేబదులిచ్చే కిరాణా షాపు ఇంటి పట్టాతోపాటు రావు. ఆ రోజుల్లో హక్కుల సంఘాలు, కొందరు క్రైస్తవ మతసోదరులు నడిపే సంస్థలు బస్తీల పక్షాన మాట్లాడాయి. బియ్యం పంచినవాళ్లంతా మాత్రం అక్కడ కనపడలేదు. వరద దేవుడి మీదికి నెట్టెయ్యగలిగిన కష్టం. కూల్చివేత దగ్గర నిలబడాలంటే ఎవరికో ఎదురు నిలబడాలి. జాలికీ సంఘీభావానికీ మధ్య గీత సరిగ్గా అక్కడ పడుతుంది.

పొరుగుప్రేమని కొట్టిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. కర్ఫ్యూ వీధిలోకి, కలరా ఇంటిలోకి మనుషుల్ని నడిపించిన మాట అది. దాన్ని స్త్రీల అనుభవంతో సరిదిద్దాలని మాత్రమే అంటున్నాను. ఒక సంస్థలో ప్రేమ ఉందో లేదో తెలుసుకోవడానికి నేను దాని గోడ మీది వాక్యం చూడను. మూడు సంగతులు అడుగుతాను. మీ దగ్గర రాత్రి మేలుకునే మనిషికి జీతమెంత, ముసలితనంలో ఆమెకి ఆధారమేమిటి? మీ సాయం తీసుకున్న స్త్రీ మీతో చివరిసారి ఎప్పుడు తగాదా పడింది, ఆ తగాదాలో ఎప్పుడైనా గెలిచిందా? ఆమె వల్ల మీలో ఏం మారింది? మొదటిదానికి జవాబు జీతాల చిట్టాలో దొరకాలి. రెండోదానికి, మూడోదానికి జవాబులు ఆమె నోటనే వినాలి. ఆమె జవాబు చెప్పేదాకా, వార్షిక నివేదికలో ఆమె పేరు పక్కన లబ్ధిదారు అని రాయడం ఆపితే బాగుంటుంది.